ఆర్నెల్లా, ఏడాదా?

నాందేడ్ ఉన్నది మహారాష్ట్రలోనే అయినా రైలు లెక్కల్లో సికింద్రాబాద్ కిందికే వస్తుంది. దక్షిణ మధ్య రైల్వేలో అదొక డివిజన్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఇళ్లలో ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది, మధ్యమధ్యలో మరాఠీ, ఉర్దూ మాటలు కలుపుకుని. ఈ సంవాదంలోని అక్కాతమ్ముళ్లు అలాంటి ఇంటివాళ్లు.

అక్క సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. తమ్ముడు బడిలో పీటీ మాస్టారు. మేనకోడలికి బంతి పట్టడం నేర్పింది ఆయనే. పిల్ల పన్నెండో తరగతి. బాస్కెట్‌బాల్‌లో ఆ వయసు అమ్మాయిల్లో గట్టి గార్డ్ ఎవరంటే జిల్లాలో ముందు ఆమె పేరే చెప్పేవారు. ఒక మ్యాచ్‌లో రిబౌండ్ కోసం ఎగిరి ఒంటికాలి మీద దిగింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. మోకాలి లోపల టప్‌మని చప్పుడు. సాయంత్రానికి కాలు మడవడానికి లేకుండా వాచింది. ఎడమ మోకాలి ఏసీఎల్, అంటే ముందరి లిగమెంట్, పూర్తిగా తెగిందని ఎంఆర్ఐలో తేలింది. హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు ఆరో నెల నిండింది. అండర్-19 జట్ల ఎంపిక దగ్గర పడింది. గొడవ అక్కడ మొదలైంది.

తమ్ముడు: అక్కా, పిల్ల నడుస్తున్నది, మెట్లెక్కుతున్నది, గ్రౌండ్ చుట్టూ ఉరుకుతున్నది. వాపు లేదు. డాక్టరే ఆర్నెల్లన్నడు. ఆర్నెల్లయినయ్. ఇంకేం గావాలె?

అక్క: డాక్టర్ మాట సగమే విన్నవ్ తమ్మీ. ఆర్నెల్లకు బంతి పట్టుకోవచ్చన్నడు, మ్యాచ్ ఆడుమనలే. ఒక్కతే నిలబడి షాట్లు వేస్కునుడు వేరు, నలుగురి నడుమ ఎగిరి దిగుడు వేరు. ఆ ముక్క నీకు నేను చెప్పాల్నా?

తమ్ముడు: వచ్చేసారికి దాని వయసు దాటుతది. ఇదే ఆఖరు సాల్. తాలూకా, జిల్లా, లాతూర్ విభాగం, ఆ పైన రాష్ట్రం. సర్కారు కొలువులల్ల ఆటగాళ్లకు ఐదు శాతం కోటా ఉన్నది. ఆ దిక్కు పోవాలంటే పైకి ఆడి మెడల్ తేవాలె. ఇంట్ల కూసుంటే ఎవడిస్తడు?

అక్క: కొలువు సంగతి తర్వాత. పొద్దున మిద్దె మీద చూసిన దాన్ని. తాడు ఆడుతున్నది. రెండు కాళ్ల మీద ఎగురుతున్నది గని దిగెటప్పుడు బరువంతా కుడికాలి మీదనే ఏస్తున్నది. ఎడమకాలు ఉత్తగ నేలకు తాకిస్తున్నది. అడిగితే “ఏం లేదమ్మా” అంటది. దాని నోరు అబద్ధమాడొచ్చు, కాలు ఆడదు.

తమ్ముడు: అది భయం. మోకాలు మంచిగైనంక మనసుల ఉండే భయం. కోర్టులకు దిగితేనే పోతది. మన బ్యాడ్మింటన్ గోపీచంద్‌ను చూడు. 1994ల పుణెల నేషనల్ గేమ్స్, డబుల్స్ ఆడుతుండంగనే మోకాలి లిగమెంట్లు తెగినయ్. గప్పుడు ఆయనకు ఇరవై ఏండ్లు. ఒకటి కాదు, ఎన్నిసార్లో ఆపరేషన్లు. ఇగ పోయిండు అన్నరు. 2001ల ఆల్ ఇంగ్లండ్ కొట్టిండు. సెమీస్‌ల పీటర్ గేడ్, ఫైనల్‌ల చెన్ హాంగ్. ప్రకాశం జిల్లా పిల్లగాడు! ఈ కథ ప్రతి బ్యాచుకు చెప్తున్న నేను.

అక్క: చెప్పు, మంచిదే. గని 94కూ 2001కీ నడుమ ఎన్నేండ్లు? ఏడు. నేషనల్ చాంపియన్ అయింది కూడా 96ల, అంటే రెండేండ్లకు. నువ్వు కథ చెప్పెటప్పుడు ఆ ఏండ్లన్నీ మింగేస్తవ్. పడ్డడు, లేచిండు, గెలిచిండు అంటవ్. పిల్లలకు ఇంటర్వెల్ అయినంక గెలిచినట్టే వినిపిస్తది.

(అక్క మాటలో ఒక నిజముంది. మన పత్రికల్లో గాయం కథలన్నీ ఈ మూడు ముక్కల మీదే నడుస్తాయి. నడుమ గడిచిన కాలం రాయడానికి విసుగు, చదవడానికి అంతకన్నా విసుగు. రోజూ పొద్దునా సాయంత్రం గోడకానుకుని తొడ బిగించడం, వదలడం. దానికి ఎవరు శీర్షిక పెడతారు?)

తమ్ముడు: అయితే సైనా? 2016 ఆగస్టుల, రియో ఒలింపిక్స్ అయినంక ఆపరేషన్. 2017 జనవరిల మలేషియా మాస్టర్స్ కప్పు. లెక్క పెట్టు, ఐదు నెలలు.

అక్క: సైనాకు తెగింది ఏసీఎల్ కాదు. మోకాలి ఆపరేషన్లన్నీ ఒక్కటేనా? అపెండిక్స్ తీసినోన్ని చూపెట్టి గుండె ఆపరేషనోన్ని నాలుగో నాటికి ఉరుకుమంటవా? ఇంకోటి గూడ చెప్త విను. 2024ల సైనానే చెప్పింది, మోకాళ్లల్ల ఆర్థరైటిస్ వచ్చింది, కార్టిలేజ్ అరిగిపోయిందని. ముప్పై నాలుగేండ్ల మనిషి. తొందరపడ్డందుకే వచ్చిందని నేనంటలేను, అనొద్దు గూడ. గని కప్పు ఎత్తిన ఫొటో నీ ఫోన్ల ఉన్నది, ఈ మాట లేదు.

తమ్ముడు: సరే, లోపల ఏమైతదో నువ్వే చెప్పు. కొత్త లిగమెంట్ వేసిండ్రు, మరలు బిగించిండ్రు. బిగించింది బిగించినట్టే ఉండాలె గదా?

అక్క: వేసింది లిగమెంట్ కాదు తమ్మీ. తొడ వెనకాల కండరానికి ఉండే తాడును తీసి అక్కడ పెట్టిండ్రు. కొందరికి మోకాలి చిప్ప కిందిది తీస్తరు. పెట్టిననాడు గట్టిగనే ఉంటది. ఆ తర్వాత దానికి రక్తం అందక, పాత కణాలు చచ్చి, మొదటి రెండు మూడు నెలలల్ల బాగా బలహీనమైతది. అటెన్క మెల్లగ రక్తనాళాలు పాకి, కొత్త కణాలు వచ్చి, తాడు లిగమెంట్ తీరుగ మారుతది. బోధన్ దిక్కు మనోళ్ల పొలంల నాట్లు చూసినవ్ గదా. నాటిన వారానికి మడి పచ్చబడ్డదా, ఎర్రబడ్డదా? వేరు పట్టెదాక ఎవడన్న మడిల దిగి తొక్కుతడా? పైనుంచి చూస్తే మొక్క నిలబడే ఉంటది. ఈ మార్పుకు ఏడాది పడ్తది, కొందరికి ఇంకా ఎక్కువనే. నొప్పి మాత్రం మూడో నెలకే పోతది. మోసం అక్కడనే ఉన్నది.

తమ్ముడు: ఏడాది ఆగితే సరిపోతదని రాసిస్తవా? డెరిక్ రోజ్ కథ తెల్సా నీకు? షికాగో బుల్స్ పిల్లగాడు. 22 ఏండ్లకు ఎంవీపీ, అంటే సీజన్‌కే మేటి ఆటగాడు, ఎన్‌బీఏ చరిత్రల అంత చిన్నోనికి ఎన్నడు ఇయ్యలే. 2012 ఏప్రిల్ 28న ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌ల ఎడమ ఏసీఎల్ తెగింది. నీ లెక్కనే ఆగిండు. సీజన్ సీజనే వదులుకున్నడు. డాక్టర్లు ఆడొచ్చన్నంక గూడ దిగలే. ఊరంతా తిట్టింది, పిరికోడన్నరు. 2013 అక్టోబర్‌ల వచ్చిండు. నవంబర్ 22న కుడి మోకాలి మెనిస్కస్, అంటే కీలు నడుమ మెత్త, చినిగింది. ఆగి ఏం సాధించిండు?

(ఈ దెబ్బ గట్టిదే. అక్క వెంటనే జవాబు చెప్పలేదు. ఏసీఎల్ గురించి ఆమె చదివిన కాగితాల్లో దీనికి సిద్ధంగా ఉన్న జవాబు లేదు.)

అక్క: కాలం ఒక్కటే మందు అని నేనన్ననా? ఆగుడంటే మంచం మీద కూసునుడు కాదు. రోజ్ సంగతి నాకు తెల్వది. రెండో మోకాలు ఎందుకు పోయిందో ఎవరూ ఖాయంగ చెప్పలేరు. గని ఒక్కటి అడుగుత. మొదటిది తెగిననాడు షికాగో ఎన్ని పాయింట్ల ముందున్నది?

తమ్ముడు: పన్నెండు.

అక్క: మ్యాచ్ ఇంకెంతసేపున్నది?

తమ్ముడు: నిమిషంన్నర గూడ లేదు.

అక్క: గెలిచిన మ్యాచ్‌ల అంతటి పిల్లగాన్ని ఇంకా ఎందుకు ఆడించిండ్రు?

తమ్ముడు: ప్లేఆఫ్‌ల ఎవ్వడు తీస్తడక్కా! పన్నెండంటే నాలుగు మూడుపాయింట్ల బుట్టలు. బయటినుంచి చెప్పుడు అల్కగనే ఉంటది. అయినా అదే రోజ్ 2018 అక్టోబర్ 31న మిన్నెసోటాకు ఆడుతూ యూటా మీద 50 పాయింట్లు కొట్టిండు. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ఇదెందుకు చెప్పవు?

అక్క: చెప్పు, నేను వద్దంటలే. అదీ ఆరేండ్లకే. నీ కథలన్నిటికీ ఆరేండ్లు, ఏడేండ్లు పట్టినయ్, నీ కోడలికి మాత్రం ఆర్నెల్లిస్తవ్.

తమ్ముడు: ఓడగొట్టినవ్ తియ్యి. ఇప్పుడు లెక్కలు చెప్పు, ఉత్త మాటలు వద్దు.

అక్క: హైదరాబాద్‌ల ఫిజియో ఇచ్చిన కాగితం ఉన్నది. నార్వేల ఆపరేషనైన వాళ్లను రెండేండ్లు వెంబడించి చూసిండ్రు, 2016ల అచ్చేసిండ్రు. తొమ్మిది నెలల దాకా, ఒక్కో నెల ఆగినకొద్ది మల్ల దెబ్బతినే ప్రమాదం సగానికి సగం తగ్గింది. తొమ్మిది దాటినంక ఆగితే అదనంగ లాభం కనబడలే. ఇంకోటి. తొడ బలం, ఒంటికాలి గెంతులు ఇవన్నీ పరీక్ష పెట్టిండ్రు. మంచి కాలు చేసినదాంట్ల కనీసం 90 శాతం చేయాలె. పాసైనంక ఆడినోళ్లల్ల మల్ల దెబ్బ తగిలింది వందల ఆరుగురికి లోపు. పాసుకాకుండ దిగినోళ్లల్ల 38.

తమ్ముడు: ముప్పై ఎనిమిదా?

అక్క: ముప్పై ఎనిమిది. పాతికేండ్ల లోపు వాళ్లు ఆటకు తిరిగి పోతే నాలుగింట ఒక్కరికి దగ్గర దగ్గర ఏసీఎల్ రెండోసారి తెగుతది. అదే మోకాలన్న కావొచ్చు, రెండోదన్న కావొచ్చు. ఆడపిల్లలకు మొదటిసారి తెగే ప్రమాదమే మగపిల్లల కన్నా రెండు మూడింతలు, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ అసొంటి ఆటలల్ల.

తమ్ముడు: అవి నార్వే లెక్కలు. అక్కడ వారానికి రెండుసార్లు ఫిజియో, మిషన్ల మీద తొడ బలం కొలుస్తరు. మనదాంట్ల? ఆపరేషన్‌కే లక్షలు పోసినవ్. ఫిజియోకు ఒక్కో సిట్టింగ్‌కు పైసలు. నెల తర్వాత ఆపేసి ఫోన్ల వీడియో చూసి చేపించినం. ఆ మిషన్ ఈ చుట్టుపట్ల ఏడుందో నాకైతే తెల్వది.

అక్క: అందుకే ఇంకా ఎక్కువ ఆగాలె అంటున్న. వాళ్లంత మంచిగ చేపించినోళ్లకే తొమ్మిదైతే, మనం చేపించినదానికి ఆరా? మిషన్ లేకుంటే టేపు లేదా? ఒంటికాలి మీద ముందుకు ఒక్క గెంతు, మూడు గెంతులు, అడ్డంగ గెంతులు. కుడికాలు ఎంత దూరం, ఎడమకాలు ఎంత దూరం. సున్నపు గీతలు గీసేది నీ పనే గదా. తొడ బలం కొలువనికి అది చాలదు గని, ఫెయిలైందో లేదో తెల్వనికి చాలు. పోయి గియ్యి, నేను చూస్త.

గీతలు అదే సాయంత్రం గీశారు. మంచికాలు దూకిన దూరంలో మూడొంతులు కూడా ఎడమకాలు దూకలేదు. దిగిన ప్రతిసారీ మోకాలు లోపలికి వాలింది. తమ్ముడు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు, వాదన మాత్రం చుట్టలేదు. ఆయన అసలు కోపం ఏమిటో ఇక్కడే బయటపడింది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

తమ్ముడు: సరే, కాలు రడీగ లేదు. ఒప్పుకున్న. ఇప్పుడు నా మాట విను. అమెరికాల జుజు వాట్కిన్స్ అని యూఎస్‌సీ కాలేజీ పిల్ల. దేశంలనే గొప్ప ప్లేయర్. 2025 మార్చిల కుడి ఏసీఎల్ తెగింది. తర్వాత సీజన్ మొత్తం ఆడనని చెప్పేసింది. ఎవడన్న ఏమన్న అన్నడా? దాని జాగా దానికే ఉన్నది. పెయిజ్ బ్యూకర్స్ తీస్కో. 2022 ఆగస్టుల ఎడమ ఏసీఎల్. ఏడాదంతా బెంచీ మీదనే. అక్కడి కాలేజీ ఆటలల్ల గాయంతోని పోయిన సాల్‌ను లెక్కల నుంచి తీసేసే పద్ధతి ఉన్నది. అందుకే కాలేజీల ఐదో ఏడు గూడ ఆడింది, 2025 ఏప్రిల్‌ల కనెక్టికట్‌కు కప్పు గెలిపించింది. అదే నెల డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌ల మొదటి పేరు ఆమెదే. వాళ్ల పిల్లలు ఆగొచ్చు. వాళ్ల కోసం రూలు ఆగుతది. మన పిల్ల కోసం ఏది ఆగుతది? పుట్టిన తేదీ ఆగుతదా?

అక్క: ఆగదు.

తమ్ముడు: నువ్వేమో నన్నే దుర్మార్గున్ని చేస్తున్నవ్. దాన్ని కోర్టుల తొయ్యమని నాకు సరదానా? మోకాలు ఏడాది అడుగుతది, రూలు ఒక్క దినం ఇయ్యది. నడుమ నేను నిలబడ్డ.

అక్క: అయితే గా రూలుతోని కొట్లాడు. మోకాలుతోని ఎందుకు కొట్లాడుతున్నవ్?

తమ్ముడు: పీటీ మాస్టర్ అర్జీ ఎవడు చదువుతడు?

అక్క: ఒక్కడు రాస్తే చదవరు. జిల్లాల ఉన్న పీటీ మాస్టర్లందరు దస్కత్ చేసి రాయుండ్రి. ఇయ్యాల మోకాలు పోయిన పిల్లలు ఎందరున్నరో మీ దగ్గర లెక్కన్న ఉన్నదా? లేదు. పిల్ల కనబడకపోతే “ఆట బంద్ చేసింది” అని రిజిస్టర్‌ల గీత కొడ్తరు. పెండ్లయిందనుకుంటరు, చదువుల పడ్డదనుకుంటరు. ఏసీఎల్ ఆపరేషనైనోళ్లల్ల మల్ల పోటీ ఆటకు చేరేది వందల 55 మందే అని ఆ కాగితంలనే ఉన్నది, దేశదేశాల లెక్కలు కలిపి చూసిండ్రు. మిగతా 45 మంది కథ నీ గోపీచంద్ కథ పక్కన ఎన్నడన్న చెప్పినవా?

తమ్ముడు: పిల్లల ముందల ఓడిపోయినోళ్ల కథలు చెప్పుమంటవా?

అక్క: ఆగినోళ్ల కథలు చెప్పుమంటున్న. మన జిల్లా భాగ్యశ్రీ జాదవ్‌నే తీస్కో. 2024ల పారిస్ పారాలింపిక్స్‌ల సుమిత్ అంతిల్‌తోని కలిసి దేశం జెండా పట్టింది. ముఖేడ్ తాలూకా మనిషి, ఈడికి ఎంత దూరం? షాట్‌పుట్ పట్టింది చిన్నప్పుడు గాదు, కాళ్లు పడిపోయినంక. పద్దెనిమిదేండ్ల పిల్లకు “ఇదే ఆఖరు” అని చెప్పే హక్కు నీకెవడిచ్చిండు?

తమ్ముడు: అది వేరక్కా.

అక్క: వేరే. గోపీచంద్ గూడ వేరే. నీ ఇష్టమైనోళ్లు దగ్గర, నా ఇష్టమైనోళ్లు దూరమా?

(ఇద్దరూ కాసేపు పాత లెక్కల్లోకి వెళ్లారు. పిల్లను రోజుకు రెండుపూటలా ఆడించింది ఎవరు, కొత్త బూట్లు అడిగితే వచ్చే నెల అన్నది ఎవరు. అన్నీ ఇక్కడ రాయడం అనవసరం. ఒక్క ప్రశ్న మాత్రం రాయాలి.)

అక్క: పడ్డనాడు ఆటకు ముందు వార్మప్ ఎంతసేపు చేపించినవ్?

తమ్ముడు: గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. రోజూ అంతే.

అక్క: దూకి ఎట్ల దిగాల్నో నేర్పినవా?

తమ్ముడు: ఎగురుడు నేర్పిన. దిగుడు ఎవరన్న నేర్పుతరా? అదే దిగుతది గదా.

అక్క: అదే దిగదు. మోకాలు వంచకుండ, లోపలికి వాలిచ్చి దిగుతది, ఎక్కువ ఆడపిల్లలే. మోకాలు కాలివేళ్ల దిక్కుకే ఉండాలె, తుంటి వెనక్కి పోవాలె, చప్పుడు గావొద్దు. తొడ వెనక కండ గట్టిపడే కసరత్తు ఉండాలె. ఫుట్‌బాల్ వాళ్లకు ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల కసరత్తు ఉన్నది, బాస్కెట్‌బాల్‌ల గూడ పెట్టి చూసిండ్రు, దెబ్బలు తగ్గినయ్. ఇసొంటివి ఒక పద్ధతిగ చేపిస్తే ఎవరూ తగలకుండనే తెగే ఏసీఎల్‌లు ఆడపిల్లలల్ల మూడింట రెండొంతులు తగ్గినయని లెక్క. మిషన్ వద్దు, పైసలు వద్దు. సిమెంటు కోర్టు మీదనే చేస్కోవచ్చు.

తమ్ముడు: ఇరవై నిమిషాలా? నా పీరియడే నలభై.

అక్క: పిల్ల ఆపరేషన్ టేబుల్ మీద ఎంతసేపున్నది తమ్మీ?

దీనికి తమ్ముడు జవాబు చెప్పలేదు. ఆ ఏడాది ఎంపికకు పిల్లను పంపలేదు. ఆయన మనసు పూర్తిగా మారిందని చెప్పడానికి మాత్రం లేదు. “నువ్వే గెలిచినవ్, పిల్ల ఓడింది” అని ఇప్పటికీ అంటాడట. నా తీర్పు అడిగితే, మోకాలి విషయంలో అక్క చెప్పిందే సరి. తొమ్మిది నెలలు కనీసం, ఆపైన పరీక్ష. ఈ రెండిట్లో ఏది తప్పినా కోర్టులో అడుగు పెట్టనివ్వకూడదు. రూలు విషయంలో తమ్ముడి కోపం సరైనది. పెద్ద ఆసుపత్రి రెండు వందల డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి పిల్లను, అన్నీ చేతికందే ఊరి పిల్లను ఒకే తేదీతో కొలిచే పద్ధతి పెద్దలు మార్చగలిగినదే.

మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ క్రీడాశాఖల వారికి మనవి. లిగమెంట్ ఆపరేషన్ చేయించుకున్నట్టు సర్జన్ సర్టిఫికెట్ తెచ్చిన పిల్లకు అండర్-17, అండర్-19 పోటీల్లో ఒక్క ఏడాది వయసు సడలింపు ఇవ్వండి. దొంగ సర్టిఫికెట్లు వస్తాయని భయమైతే ఎంఆర్ఐ రిపోర్టు, ఆపరేషన్ కాగితం అడగండి. అవి దొంగతనంగా పుట్టించడం జనన ధ్రువీకరణ పత్రం దిద్దినంత తేలిక కాదు. పీటీ మాస్టార్లకు ఇంకో మనవి. రేపటి పీరియడ్‌లో బంతి ఇచ్చే ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ దూకించండి, ఎలా దిగుతున్నారో చూడండి. మోకాలు లోపలికి వాలుతున్న వాళ్ల పేర్లు రాసుకుని, పని ముందు వాళ్లతోనే మొదలుపెట్టండి.